చిన్న ట్రాక్టర్‌కు తక్కువ ధరలో రాళ్ల దంతె ఎంచుకోవడం ఎలా?

"మినీ ట్రాక్టర్ తీసుకున్నాం. చేనంతా పలుగురాళ్లు. ఏరడానికి కూలీలు దొరకడం లేదు. తక్కువలో దంతె ఏది కొనమంటారు?" అనంతపురం, కదిరి, గుంతకల్లు వైపు రైతులు మాటిమాటికీ అడుగుతున్న ప్రశ్న ఇది. విడివిడిగా జవాబు చెప్పే కంటే మొత్తం ఒకే చోట రాస్తే, టేపు పట్టుకుని ఒక్కొక్కటీ చూసుకుంటూ పోవచ్చు.

కంపెనీలు దీన్ని ల్యాండ్‌స్కేప్ రేక్ అని, కొన్నిచోట్ల స్టోన్ రేక్ అని అమ్ముతాయి. ఒక బలమైన ఇనుప పైపుకు వరుసగా వంపు తిరిగిన స్ప్రింగ్ పళ్లు బిగించి ఉంటాయి. ట్రాక్టర్ వెనక మూడు పాయింట్ల లింకేజీకి (కింద రెండు చేతులు, పైన టాప్ లింక్) తగిలించి లాగితే, దున్నిన నేల మీద తేలిన రాళ్లు, కంప పుల్లలు, వేర్లు, పాత మల్చింగ్ షీటు ముక్కలు ఒక పక్కకు వరుసగా చేరతాయి. పీటీఓ (ఇంజన్ శక్తితో పనిముట్టును తిప్పే వెనక షాఫ్ట్) అక్కర్లేదు, ఇంజన్‌తో తిరిగే భాగాలు లేవు. అందుకే ఇందులో చెడిపోయేవి ముఖ్యంగా రెండే: ఒకటి పళ్లు, రెండోది పైపును అటూ ఇటూ తిప్పే ఇరుసు, అంటే పివట్. మీ డబ్బు ఆ రెండింటి మీద పెట్టండి. వెడల్పు, చక్రాలు, పెయింట్ మీద తగ్గించుకోండి. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

ఇది చేయలేని పని కూడా ముందే తెలుసుకోవాలి. గట్టి నేలను ఇది పగలగొట్టదు. ముందు గొర్రుతోనో కల్టివేటర్‌తోనో దున్ని ఉండాలి. పిడికిలంత రాయిని సులభంగా లాగుతుంది, కొబ్బరికాయంత రాయిని కష్టం మీద దొర్లిస్తుంది. నేలలో పాతుకున్న బండ మాత్రం దీనికి లొంగదు. దాన్ని గడ్డపారతోనో జేసీబీతోనో ముందే తీయించాలి. బండలున్న చేలో దంతె దింపితే మొదటి రోజే పళ్లు వంకరపోతాయి.

దగ్గర పెట్టుకోవలసినవి

- కొలత టేపు, నోటు పుస్తకం, పెన్ను
- ట్రాక్టర్‌తో ఇచ్చిన పుస్తకం
- మీ చేలో ఏరిన ఒక బకెట్ రాళ్లు
- ఒక ఆకురాయి (ఇనుమును రాసేది)
- మీ ట్రాక్టర్ లింకేజీకి వాడే పిన్నులు, కింది రెండూ పైదీ
- గజం పొడవు, గజం వెడల్పు వచ్చేలా కట్టిన తాడు లేదా నాలుగు కర్రలు

1. ముందు రాళ్లు చూడండి, ఆ తర్వాతే దంతె

చేను దున్నిన తర్వాత మూడు నాలుగు చోట్ల గజం చదరంలో పైన కనిపించే రాళ్లన్నీ ఏరి బకెట్‌లో వేయండి. వాటిని మూడు కుప్పలు చేయండి: నిమ్మకాయ కంటే చిన్నవి, నిమ్మకాయ నుంచి పిడికిలి దాకా, అంతకంటే పెద్దవి.

ఎక్కువ శాతం రెండో కుప్పలో ఉంటే ఈ పనిముట్టు మీ కోసమే. మొదటి కుప్పే ఎక్కువైతే మీది గరుసు నేల. ఆ సన్న రాళ్లన్నీ తీయాలని చూస్తే మట్టి కూడా వాటితో పోతుంది. వాలు ఉన్న ఎర్ర చేలో పైన పరుచుకున్న సన్న గరుసు వాన దెబ్బకు మట్టి కొట్టుకుపోకుండా, తేమ త్వరగా ఆరిపోకుండా కొంత కాపాడుతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో ఆ కాపుదల చిన్న విషయం కాదు. మీ పని విత్తనం గొర్రుకు, శనక్కాయ తవ్వే బ్లేడుకు అడ్డం వచ్చే రాళ్లను తీయడం వరకే. చేనును ఊడ్చి పెట్టడం కాదు. మూడో కుప్పే ఎక్కువైతే, దంతె కొనే డబ్బుతో ముందు బండలు తీయించండి.

నల్లరేగడిలో సేద్యం చేసే తాడిపత్రి, ఆదోని, ప్రొద్దుటూరు వైపు రైతులకు ఒక మాట: మీకు రాళ్ల బాధ తక్కువ, పత్తి మోళ్లు, కంప, పాత షీటు ఎక్కువ. మీకు పళ్ల మధ్య సందు వెడల్పుగా ఉన్న దంతె చాలు. అది ధరలో కూడా తక్కువ.

2. ట్రాక్టర్ కొలతలు రాసుకోండి

షాపుకు వెళ్లాక "ఇరవై నాలుగు హెచ్‌పీ అన్నా" అంటే సరిపోదు. ఈ నాలుగు అంకెలు కావాలి.

పిన్నుల లావు: చిన్న ట్రాక్టర్లలో ఎక్కువ భాగం కేటగిరీ 1 లింకేజీతో వస్తాయి. కింది పిన్ను 22 మి.మీ., టాప్ లింక్ పిన్ను 19 మి.మీ. ఉంటాయి. 45 హెచ్‌పీ చుట్టుపక్కల ట్రాక్టర్ల కోసం చేసిన కేటగిరీ 2 పనిముట్లకు కింద 28, పైన 25 మి.మీ. పిన్నులుంటాయి. అవి మీ కింది చేతుల్లోని బుష్‌లో దూరవు. "బుష్ కొట్టించి సరిచేస్తాం" అని షాపులో అంటే ఒప్పుకోకండి. పిన్నులు మార్చాల్సింది పనిముట్టుకు గానీ మీ ట్రాక్టర్‌కు కాదు.

కింది చేతుల మధ్య దూరం: మామూలు కేటగిరీ 1లో పనిముట్టు మీద ఇది సుమారు 683 మి.మీ., అంటే 27 అంగుళాలు. తోటల కోసం చేసిన సన్న ట్రాక్టర్లు కొన్నిటికి ఇరుకు రకం లింకేజీ ఉంటుంది. అక్కడ దూరం సుమారు 400 మి.మీ. పిన్నుల లావు మాత్రం అదే. పిన్ను సరిపోయిందని సంతోషపడి, ఇంటికొచ్చాక వెడల్పు కుదరక తిప్పి పంపే కేసులు ఎక్కువ ఇక్కడే.

వెనక చక్రాల బయటి అంచు నుంచి బయటి అంచుకు ఎంత: దీన్ని అంగుళాల్లో రాసుకోండి. వెడల్పు లెక్కకు ఇదే ఆధారం.

లిఫ్ట్ సామర్థ్యం: ట్రాక్టర్ పుస్తకంలో ఉంటుంది. ఉదాహరణకు 24 హెచ్‌పీ తరగతిలోని మహీంద్రా జీవో 245, కుబోటా నియోస్టార్ బీ2441 రెండిటికీ 750 కిలోలని చెబుతారు. ఆ అంకె కింది చేతుల కొన దగ్గర. బరువు వెనక్కి జరిగే కొద్దీ ఎత్తగలిగేది తగ్గుతుంది. అయినా 100 నుంచి 150 కిలోల దంతె లిఫ్ట్‌కు భారం కాదు. అసలు ఇబ్బంది ముందు చక్రాలకు. ట్రాక్టరే తేలిక కాబట్టి వెనక బరువెత్తగానే ముందు భాగం తేలిపోయి స్టీరింగ్ పట్టు తప్పుతుంది. గట్టు ఎక్కేటప్పుడు ఇది ప్రమాదం.

3. వెడల్పు లెక్క కట్టండి

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. దంతెను ఎప్పుడూ నేరుగా పెట్టి లాగరు. రాళ్లు పక్కకు జరగాలంటే పైపును 30 డిగ్రీలు, ఒక్కోసారి 45 డిగ్రీలు ఏటవాలుగా తిప్పుతారు. అలా తిప్పగానే అది తీసుకునే వెడల్పు తగ్గుతుంది.

- 4 అడుగుల దంతె: 30 డిగ్రీల దగ్గర సుమారు 3 అడుగుల 5 అంగుళాలు
- 5 అడుగుల దంతె: 30 డిగ్రీల దగ్గర సుమారు 4 అడుగుల 4 అంగుళాలు, 45 డిగ్రీల దగ్గర మూడున్నర అడుగులు
- 6 అడుగుల దంతె: 30 డిగ్రీల దగ్గర సుమారు 5 అడుగుల 2 అంగుళాలు

30 డిగ్రీల దగ్గర వచ్చే వెడల్పు మీ వెనక చక్రాల బయటి కొలతను కప్పితే చాలు. కప్పకపోతే మీ చక్రం తొక్కిన రాయి మళ్లీ నేలలోకి దిగిపోతుంది, దంతె దాన్ని పట్టుకోదు. నాలుగడుగుల లోపు వెడల్పున్న మినీ ట్రాక్టర్‌కు ఐదడుగుల దంతె సరిగ్గా సరిపోతుంది. ఇంకా చిన్న బండికి, చక్రాల బయటి కొలత 3 అడుగుల 5 అంగుళాలు దాటకపోతేనే, 4 అడుగులది తీసుకోండి.

ఆరడుగులది తీసుకుంటే పని తొందరగా అవుతుందని అనిపిస్తుంది. చిన్న ట్రాక్టర్‌తో అలా జరగదు. ఏటవాలుగా ఉన్న పొడవాటి పైపు చివర ఒక పెద్ద రాయి తగిలితే బండి మొత్తాన్ని పక్కకు లాగుతుంది, పివట్ మీద విపరీతమైన ఒత్తిడి పడుతుంది. తోట సాళ్లలో తిరగడానికి చోటు కూడా చాలదు. నాలుగున్నర మీటర్ల సాలున్న దానిమ్మ తోటలో, రెండు పక్కలా కొమ్మలు పోగా మిగిలేది ఎంతో మీకే తెలుసు.

4. పళ్లు చూడండి, ఇక్కడ తొందరపడొద్దు

దంతె ధరలో తేడా అంతా పళ్లలో ఉంది. బయటికి అన్నీ ఒకేలా నల్లగా, వంపుగా కనిపిస్తాయి. మంచి పన్ను స్ప్రింగ్ స్టీల్‌తో చేసింది. మన దగ్గర లారీ కమాన్ పట్టీలకు వాడే ఈఎన్ 45 రకం ఉక్కు లాంటిది. రాయి తగిలితే వెనక్కి వంగి, దాటగానే తిరిగి తన చోటికి వస్తుంది. మామూలు ఇనుప పట్టీని వంచి చేసిన పన్ను మొదటి గట్టి దెబ్బకు వంగి అలాగే ఉండిపోతుంది. సుత్తితో సరిచేస్తూ పోతే కొన్నాళ్లకు విరుగుతుంది.

తేడా పట్టడానికి నాలుగు పద్ధతులు:

ఆకురాయి పెట్టి పన్ను కొన మీద గట్టిగా రాయండి. గట్టిపరిచిన స్ప్రింగ్ ఉక్కు మీద ఆకురాయి జారుతుంది, కొంచెమే గీస్తుంది. మెత్తటి ఇనుములో లోతుగా కరుచుకుంటుంది.

ఒక పన్నును రెండు చేతులతో, అవసరమైతే పైపు ముక్క తొడిగి, కొన ఒకటి రెండు అంగుళాలు వెనక్కి పోయేలా లాగి వదిలేయండి. ముందు పక్క పన్నుతో దాని కొన ఎంత సమానంగా ఉందో చూసుకోండి, వదిలాక మళ్లీ చూడండి. తేడా వస్తే అది స్ప్రింగ్ కాదు.

షాపులో గ్రైండర్ ఉంటే వాడని కొసను కాస్త రాయమనండి. మామూలు ఇనుము నిప్పురవ్వలు పొడవుగా, సాదాగా వస్తాయి. స్ప్రింగ్ ఉక్కు రవ్వల చివర ఎక్కువ చీలికలతో పువ్వుల్లా విచ్చుకుంటాయి. పక్కనే ఒక మామూలు యాంగిల్ ముక్కను కూడా రాయించి పోల్చి చూస్తే కొత్తవారికి కూడా తేడా తెలుస్తుంది.

నాలుగోది పన్నును ఎలా బిగించారన్నది. ప్రతి పన్నూ బోల్టుతో ఉండాలి. పైపుకు వెల్డింగ్ చేసి ఉంటే ఎంత మంచి ఉక్కైనా వద్దు. వెల్డింగ్ వేడికి ఆ చోట ఉక్కు పెళుసు బారుతుంది, సరిగ్గా అక్కడే విరుగుతుంది. విరిగిన పన్నును మార్చడానికి కూడా వీలుండదు.

అయస్కాంతం పెట్టి చూసేవాళ్లున్నారు. దానివల్ల ఏమీ తెలియదు, రెండు రకాల ఇనుమూ దానికి అతుక్కుంటుంది.

ఇక సందు సంగతి. పన్ను వెడల్పు సాధారణంగా ఒక అంగుళం. కంపెనీ దంతెల్లో పళ్ల మధ్య సందు కూడా అంగుళమే ఉంటుంది. ఐదడుగుల పైపుకు అలా 30 పళ్లు పడతాయి. మన చేలకు అంత దగ్గరగా అవసరం లేదు. సందు అంగుళంన్నర పెడితే 24 పళ్లు, రెండు అంగుళాలు పెడితే 20 పళ్లు చాలు. 8 మి.మీ. మందం, రెండడుగుల పొడవున్న ఒక పన్ను దాదాపు కిలో బరువు. అంటే పది పళ్లు తగ్గితే పది కిలోల ఖరీదైన ఉక్కు తగ్గినట్టే, మట్టి కూడా సందుల్లోంచి బాగా జారుతుంది. మీ బకెట్‌లోని రెండో కుప్ప రాయి ఆ సందులో పట్టి ఆగుతుందా, జారిపోతుందా అని షాపులోనే పెట్టి చూడండి. శనక్కాయ చేలకు నా ఓటు అంగుళంన్నర సందుకు.

5. పైపు, పివట్, బోల్టులు

పళ్లు బిగించే పైపు 75 మి.మీ. చదరపు పైపు, 6 మి.మీ. మందంతో ఉంటే ఐదడుగుల దంతెకు సరిపోతుంది. ఈ పైపు ఒక్కటే సుమారు 19 కిలోలు తూగుతుంది. 3 మి.మీ. మందం పైపు వాడితే అందులో సగమే. బయటి నుంచి తెలియదు, అందుకే చివర మూత బిగించక ముందే లోపల మందం కొలవండి. మూత ముందే వేసి ఉంటే తూకం వేయించండి.

పివట్ దగ్గర రెండు పలకలుంటాయి. వాటిలోని రంధ్రాల్లో పిన్ను మార్చి కోణం పెట్టాలి. పలక 10 మి.మీ. కంటే పలచగా ఉండకూడదు. మధ్య పిన్నును చేత్తో అటూ ఇటూ కదిపి చూడండి. కొత్తదే లొడలొడమంటే రెండు నెలల్లో రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. గ్రీజు పెట్టడానికి నిపుల్ ఉంటే మంచిది.

బోల్టుల తల మీద 8.8 (బోల్టు గట్టితనం తెలిపే గ్రేడు) అని ముద్ర ఉందో లేదో చూడండి. ముద్ర లేని బోల్టులుంటే, బేరంలో అదే చెప్పి మార్పించుకోండి. వీటికి ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ.

వెనక రెండు చిన్న చక్రాలు అమర్చి లోతు సమానంగా ఉంచే రకాలున్నాయి. ఉంటే పని సులువే. డబ్బు బిగుతుగా ఉంటే ఇప్పుడు వద్దు, కానీ పైపు మీద వాటిని తర్వాత బిగించుకునేలా రంధ్రాలు వేయించుకోండి.

6. ఎక్కడ తీసుకోవాలి: నాలుగు దారులు

కొత్త కంపెనీ దంతె. పళ్లు విడిగా దొరుకుతాయా, ఎన్ని రోజుల్లో వస్తాయి అని ముందే అడగండి. విడి పళ్లు దొరకని దంతె ఎంత చవకైనా మీకు ఖరీదే. చిన్న ట్రాక్టర్ల కోసం చేసింది మన దగ్గర ప్రతి షాపులో ఉండదు, కాబట్టి రవాణా ఖర్చు కలిపి లెక్క వేయండి.

వెల్డింగ్ షాపులో చేయించుకోవడం. తక్కువ ఖర్చు కావాలనుకునే చాలామందికి నేను చెప్పేది ఇదే. కానీ ఒకే షాపుకు మొత్తం అప్పజెప్పకండి. చట్రం, పివట్, లింకేజీ వరకు పనిముట్లు చేసే వెల్డింగ్ షాపులో చేయించండి. పళ్లు మాత్రం లారీ కమాన్ పట్టీలు చేసే షాపులో చేయించండి. ఉక్కును కాల్చి వంచి, నూనెలో ముంచి, మళ్లీ తగినంత వేడి చేసి పదును పట్టడం వాళ్లకు రోజూ చేసే పని. వెల్డింగ్ షాపులో గ్యాస్‌తో ఎర్రగా కాల్చి వంచి అలాగే చల్లారనిస్తే స్ప్రింగ్ గుణం పోతుంది. పాత లారీ పట్టీలు తెచ్చి గ్యాస్‌తో చీల్చి పళ్లు చేద్దామనే ఆలోచన కూడా వద్దు. వాటిలో కంటికి కనబడని పగుళ్లు ఉంటాయి, గ్యాస్ కోసిన అంచు నుంచి విరుగుతాయి. ఒకేసారి నాలుగైదు పళ్లు అదనంగా చేయించి ఇంట్లో పెట్టుకోండి.

పాత కల్టివేటర్ చట్రం. ఇంట్లో మూలన పడి ఉన్న చిన్న గొర్రు చట్రం తిన్నగా ఉంటే దానికే పళ్లు బిగించుకోవచ్చు. కోణం తిప్పే వీలుండదు కాబట్టి రాళ్లు పక్కకు పోవు, ముందే పోగవుతాయి. ప్రతి ముప్పై నలభై గజాలకూ లిఫ్ట్ ఎత్తి కుప్ప వదలాలి. ఎకరా రెండెకరాలున్నవారికి ఇది చాలు, నిజంగా చాలు.

అద్దెకు తీసుకోవడం, లేదా నలుగురు కలిసి కొనడం. రాళ్లు ఏరే పని ఏడాదికి ఒకసారి, వానలకు ముందు వచ్చేది. మిగతా రోజులు దంతె చెట్టు కింద తుప్పు పడుతుంది. పదెకరాల లోపు ఉన్నవారు ముందు అద్దెకు దొరుకుతుందేమో అడగడం మేలు. రైతు సేవా కేంద్రంలో అద్దె యంత్రాల వివరాలు, రాయితీ జాబితా రెండూ అడగండి. కేంద్రం 2014-15లో మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ కింద చాలా పనిముట్లకు 40 నుంచి 50 శాతం దాకా రాయితీ ఉంటుంది. మీరు కోరే దంతె ఆ జాబితాలో ఉందో లేదో కొనక ముందే తేల్చుకోవాలి. కొన్న తర్వాత బిల్లు పట్టుకెళ్తే సాధారణంగా పని జరగదు.

ఇంకో మాట. మన అనంతపురం జిల్లాలోనే గార్లదిన్నె దగ్గర ట్రాక్టర్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. దేశంలో ఇలాంటివి కొన్నే ఉన్నాయి: మధ్యప్రదేశ్‌లో బుద్ని, హర్యానాలో హిసార్, అస్సాంలో బిశ్వనాథ్ చరియాలి, దక్షిణాదికి మనది. అక్కడ రైతులకు, యువకులకు ట్రాక్టర్, పనిముట్ల వాడకం మీద శిక్షణ ఇస్తారు. లింకేజీ అమర్చడం, హైడ్రాలిక్స్ సర్దడం ఒకసారి పద్ధతిగా నేర్చుకుంటే దంతె ఒక్కటే కాదు, మీ దగ్గరున్న ప్రతి పనిముట్టూ ఎక్కువ కాలం వస్తుంది. ఇంటి పక్కనే ఇంత సౌకర్యం పెట్టుకుని మన పిల్లలు వాడుకోకపోతే నాకు బాధగా ఉంటుంది.

7. బేరం తూకం మీద చేయండి

చేయించుకునేటప్పుడు "మొత్తం ఇంత" అనే మాట మీద ఒప్పుకోకండి. చట్రానికి కిలో ఇంత, పళ్లకు ఒక్కోటి ఇంత, బోల్టులు, పెయింట్ విడిగా అని కాగితం మీద రాయించండి. పైన చెప్పిన కొలతలతో ఐదడుగుల దంతె 90 నుంచి 120 కిలోల మధ్య వస్తుంది. తయారయ్యాక కాటా వేయించి డబ్బులివ్వండి. 60 కిలోలే తూగితే ఎక్కడో పలచటి పైపు, పలక వాడారన్నమాట. 180 దాటితే మీ చిన్న బండికి అనవసరమైన బరువు పెట్టారు. రెండు మూడు షాపుల్లో ఇదే కాగితం చూపించి ధర అడిగితే ఎవరిది నిజమైన తక్కువో తేలిపోతుంది.

పెయింట్ వేయక ముందే ఒకసారి వెళ్లి వెల్డింగ్ చూడండి. పెయింట్ కింద అన్ని అతుకులూ అందంగానే ఉంటాయి.

8. డబ్బు ఇవ్వక ముందు ట్రాక్టర్‌కు తగిలించి చూడండి

వీలైతే ట్రాక్టర్ షాపు దగ్గరికే తీసుకెళ్లండి.

పిన్నులు సుత్తి దెబ్బ లేకుండా దూరాలి. తగిలించాక చెక్ చైన్లు (కింది చేతులు పక్కలకు ఊగకుండా పట్టే గొలుసులు) బిగించి, దంతె పక్కకు ఎంత ఊగుతుందో చూడండి. అంగుళం రెండంగుళాలు సరే. పూర్తిగా ఎత్తి, స్టీరింగ్ రెండు వైపులా తిప్పి, నెమ్మదిగా పది గజాలు నడపండి. ముందు చక్రాలు తేలికగా అనిపిస్తే ముందు బరువులు పెట్టాలి. ఎత్తినప్పుడు దంతె పై చట్రం వెనక చక్రాలకు, మడ్‌గార్డుకు తగలకూడదు. 45 డిగ్రీలు తిప్పి మళ్లీ ఎత్తి చూడండి. నేరుగా ఉన్నప్పుడు తగలనిది అప్పుడు తగలొచ్చు.

ఎత్తిన దంతె కిందకు చేయి గానీ కాలు గానీ పెట్టకండి, ఎవరినీ పెట్టనివ్వకండి. హైడ్రాలిక్ దిగిపోవడానికి క్షణం చాలు. పళ్లు బిగించాలన్నా, చిక్కుకున్న కంప తీయాలన్నా దంతెను నేలకు దించి, ఇంజన్ ఆపి తర్వాతే.

9. మొదటిసారి చేలో దింపడం

పదును చూసుకోండి. వాన పడి ఒకటి రెండు రోజులు ఆరిన ఎర్రనేల పిడికిట్లో పట్టుకుంటే ఉండ కట్టి, వేలితో తాకగానే విడిపోవాలి. పూర్తిగా ఎండితే పెళ్లలు కూడా రాళ్లతో పాటు పోగవుతాయి. తడిగా ఉంటే, ముఖ్యంగా రేగడిలో, పళ్ల మధ్య మట్టి పట్టి దంతె గోడలా మారిపోతుంది.

డ్రిప్ లేటరల్స్ చుట్టి తీసేయండి. ఒక్క పైపు మరచిపోయినా దంతె మొత్తం సాలును లాగేస్తుంది. బోరు మోటారు కేబుల్, కరెంటు స్తంభాల స్టే వైర్లు, గట్ల దగ్గర పాతిన పైపులు ఎక్కడున్నాయో ముందే కర్రలు పాతి గుర్తు పెట్టండి.

కోణం 30 డిగ్రీల దగ్గర పెట్టండి. హైడ్రాలిక్స్‌లో పొజిషన్ కంట్రోల్ లీవర్ (పనిముట్టును పెట్టిన ఎత్తులోనే ఉంచేది) వాడండి, డ్రాఫ్ట్ కంట్రోల్ (లాగుడు బరువును బట్టి ఎత్తు మార్చేది) దీనికి పనికిరాదు. పళ్ల కొనలు నేలలో అంగుళం మించి దిగకుండా దించండి. లో గేర్లో మనిషి నడక వేగంతో, ఇరవై గజాలు నడిపి ఆగి, దిగి వెనక్కి చూడండి. పళ్ల వాలు సరిచేయాల్సి వస్తే టాప్ లింక్‌ను ఒకసారికి రెండు చుట్లు మాత్రమే తిప్పి మళ్లీ ఇరవై గజాలు నడిపి చూడండి. ఎక్కువ తిప్పితే ఏది మారి ఏమైందో తెలియకుండా పోతుంది.

మలుపు దగ్గర ప్రతిసారీ ఎత్తి తిరగండి. దించి ఉంచి తిప్పితే పళ్లు పక్కకు మెలిపడతాయి. దించి ఉంచి వెనక్కి నడపడం ఇంకా పెద్ద తప్పు. పళ్ల వంపు ఉన్న దిక్కుకు ఎదురు ఒత్తిడి పడి ఒక్కసారే నాలుగైదు విరగొచ్చు.

చీనీ (బత్తాయి), మామిడి తోటల్లో సాళ్ల మధ్య మాత్రమే నడపండి. కొమ్మల నీడ పడేంత మేర చెట్టు దగ్గరికి వెళ్లొద్దు. చీనీ చెట్టుకు ఆహారం పీల్చే సన్న వేర్లు పైపైనే ఉంటాయి.

10. పని సరిగ్గా జరిగిందో లేదో చూడటం

కట్టి ఉంచిన గజం తాడు తీసుకుని, దంతె నడిచిన చోట మూడు నాలుగు దగ్గర్ల పరిచి రాళ్లు ఏరండి. మొదటి రోజు ఏరిన రెండో కుప్పతో పోల్చండి. సగానికి పైగా తగ్గితే ఒక్క చాలుకు అది మంచి ఫలితం. రెండోసారి మొదటి చాలుకు అడ్డంగా నడిపితే మిగిలినవి వస్తాయి. ఒకే దిక్కున ఎన్నిసార్లు నడిపినా అవే సందుల్లో అవే రాళ్లు మిగులుతాయి.

తర్వాత పోగైన వరుస దగ్గర కూర్చుని చేత్తో విడదీసి చూడండి. సగం కంటే ఎక్కువ మట్టే ఉంటే దంతె లోతుగా దిగింది, లేదా మీరు వేగంగా పోయారు. పైమట్టిని గట్టుకు చేర్చుతున్నారని అర్థం. ముందు లోతు తగ్గించండి, అప్పటికీ తగ్గకపోతే గేరు తగ్గించండి. ఒక పక్కే లోతుగా గీతలు పడితే ట్రాక్టర్ లెవెలింగ్ రాడ్ (కింది చేతుల ఎత్తు సమానం చేసేది) సరిచేయాలి. గీతల్లో ఒక చోట ఖాళీ ఉంటే ఆ పన్ను వంగింది లేదా బోల్టు వదులైంది.

పోగైన రాళ్లను చేను మూలన కుప్పగా వదలకుండా, వాలుకు అడ్డంగా గట్టు వెంబడి పేర్చండి. నీరు నెమ్మదిగా దాటుతుంది, కొట్టుకొచ్చిన మట్టి అక్కడే ఆగుతుంది.

మొదటి గంట పని తర్వాత ఒకసారి, సాయంత్రం ఒకసారి అన్ని బోల్టులూ స్పానర్‌తో బిగించండి. కొత్త దంతెలో పెయింట్ నలిగి బోల్టులు తప్పకుండా వదులవుతాయి. పివట్‌కు గ్రీజు పెట్టి, పళ్లకు వాడిన ఇంజన్ ఆయిల్ పూసి, మొద్దుల మీద ఎత్తి పెట్టండి. పళ్ల మీద బరువు ఆని ఉండకూడదు.